ఏడికి అని అడగని దుకాణం

మా దుకాణానికి మెట్లు మూడే. సికింద్రాబాద్ స్టేషన్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో సూట్‌కేసులూ, రేకు ట్రంకులూ, సంచులూ అమ్ముతాం. బేరం కుదరక మనిషి లేచాడంటే మా బాపు, అంటే మా నాన్న, తల ఎత్తకుండానే అతని చెప్పుల చప్పుడు వినేవాడు. మొదటి మెట్టు మీదే పిలిస్తే మనకు గరజు ఉందని, అమ్ముకునే అవసరం మనదేనని తెలిసిపోతుంది. మూడోది దిగనిస్తే పక్క దుకాణంవాడు లాక్కుపోతాడు. రెండో మెట్టు మీద కాలు పడుతుండగా, అప్పుడే ఏదో గుర్తొచ్చినట్టు, "అన్నా, జెర ఆగు. పొద్దుగాల బోణీ బేరం. నువ్వే చెప్పు, ఏమిస్తవ్?" అనాలి. సాయంత్రం నాలుగింటికి కూడా మాకు పొద్దుగాలే.

నేను నడక నేర్చింది ఆ మెట్ల మీదే, బేరం నేర్చిందీ అక్కడే. ఆ విద్య నన్ను ఎక్కడా వదల్లేదు. పళ్ళ డాక్టరును రెండు పళ్ళు పీకితే మూడోది ఎంతకు పీకుతారని అడిగాను. నా పెళ్ళి పత్రికలు అచ్చువేసినాయన చివరికి దండం పెట్టి, "మేడమ్, నేను మీకు కట్నం చదివించినట్టే అనుకోండి" అన్నాడు. అది తిట్టని తెలిసి కూడా ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నాను.

అయితే మా దుకాణంలో ఒక మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు. "ఏడికి?" బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగొద్దని అందరిళ్ళల్లోనూ అంటారు, అడిగితే పోయిన పని కాదని. కానీ మా ముందు రోజంతా నిలబడేవాళ్ళు బయల్దేరబోయేవాళ్ళే కదా. అందుకని బాపు, "దూరమా, దగ్గర్నా?" అని మాత్రం అడిగేవాడు. దూరమంటే పెద్దది, దగ్గరంటే చిన్నది తీసేవాడు. నాకు పదేళ్ళప్పుడు, ట్రంకు మూత ఎత్తి చూస్తున్న ఒక పెద్దాయన్ని "ఏడికి పోతున్నవ్ తాతా?" అని అడిగేశాను. ఆయన మూత మెల్లగా దించి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. బాపు ఆయన్ని పిలవలేదు. నన్ను కొట్టనూ లేదు. కొట్టకపోయేసరికే నాకు భయం వేసింది.

ఆన్‌లైన్ దుకాణం పెట్టింది నేను. మౌలాలి, యాప్రాల్ వైపు జనం ఇంట్లో కూర్చునే అన్నీ తెప్పించుకుంటున్నారు, మనమెందుకు ఈగలు తోలాలని నెలకింత చందా కట్టి ఒక సైటు తెరిచాను. ఫోటోలు నేనే తీశాను. జనం వచ్చారు, చూశారు, పోయారు. మెట్లు లేవు, చెప్పుల చప్పుడు లేదు. ఎవర్ని ఎప్పుడు పిలవాలి?

వీడియోలు చూసి నేర్చుకున్నాను. చూసినవాళ్ళ మెయిల్ చిరునామా తీసుకుని లిస్టు పెంచుకుంటే, పోయినవాళ్ళను మళ్ళీ మళ్ళీ పిలవచ్చట. దానికి పాపప్ పెట్టాలట, తెర మీద అడ్డంగా లేచే చిన్న డబ్బా. మొదట సైటు తెరవగానే ఎదురయ్యేలా పెట్టాను. దుకాణంలో కాలు పెట్టకముందే ఫోన్ నంబర్ అడిగే బట్టల షాపు గుర్తొచ్చిందో ఏమో, ఉన్న జనం కూడా పారిపోయారు. తర్వాత ఇంకో రకం ఉందని తెలిసింది. మనిషి వెనక్కిపోయే బాణం నొక్కినప్పుడు, సరిగ్గా అప్పుడు లేచే పాపప్. ఆ వీడియో చూస్తూ నేను గట్టిగా నవ్వేశాను. అది మా బాపే! రెండో మెట్టే!

అందరూ రాసే "మా న్యూస్‌లెటర్ కోసం నమోదు చేసుకోండి" నేను రాయలేదు. మా దుకాణం నోటితోనే రాశాను: "పోతున్నవా అక్కా? జెర ఆగు. మెయిల్ రాసి పో, పది శాతం తగ్గిస్త." వద్దనుకునేవాళ్ళు నొక్కాల్సిన బటన్ మీద "వద్దు, నేను ఎక్కువ పెట్టే కొంటా" అని పెట్టాను. ఆ బటన్ నొక్కడానికి ఎవరికి మనసొప్పుతుంది? లిస్టు వానాకాలం చెరువులా నిండసాగింది.

చిరునామా ఇచ్చినవాళ్ళకు మూడు మెయిళ్ళు వాటంతట అవే వెళ్ళేవి. వెంటనే కూపన్. రెండ్రోజులకు వాళ్ళు చూసి వదిలేసిన పెట్టె ఫోటో. వారానికి ఆఖరి పిలుపు. రెండో మెయిల్‌కు నేను పెట్టిన శీర్షిక, "ఏడికి పోతున్నవ్ అక్కా?" మూడింటిలో జనం ఎక్కువ తెరిచేది అదే. నా తెలివికి నేనే మురిసిపోయి బాపుకు చూపించాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఏడికి అని రాసినవా?"

"కంప్యూటర్ అడుగుతది బాపూ. నోటితోని అడుగుతున్నమా ఏంది?"

"కంప్యూటర్‌కు నోరెవరిచ్చిన్రు బిడ్డా? నేను అడిగితే మర్చిపోత. అది రాసి పెట్టుకుంటది."

ముసలితనం అనుకున్నాను. తీరిక దొరికినప్పుడల్లా లిస్టు చదువుకుని నవ్వుకునేదాన్ని. లిస్టులో చేరిన మా అక్కల్లో సగంమంది చిరునామాలు మగపేర్లవి. ఒక అక్క సిమెంట్ డీలరు, ఒక అక్క ట్యూషన్ సెంటరు. మా ఇళ్ళల్లో మెయిల్ అంటే గ్యాస్ కనెక్షన్‌లాంటిది, ఇంటికొకటి. అది ఎవరి పేరు మీద ఉందో, ఎవరు తెరిచి చదువుతారో ఆలోచించాల్సిన దాన్ని నేను. దుకాణదారు బిడ్డను. నవ్వుకుంటూ కూర్చున్నాను.

ఒక సోమవారం మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. చేతిలో కూరగాయల సంచి, అందులోంచి మునక్కాడలు బయటికొచ్చి ఉన్నాయి. నీలం రంగు మీడియం సూట్‌కేస్ అడిగి తీయించుకుంది. లోపల అరలు చూడలేదు, జిప్పు చూడలేదు. బండల మీద గోడదాకా తోసి, మళ్ళీ వెనక్కి లాగింది. తల వంచి చక్రాలు వింటోంది.

"గచ్చు మీద చప్పుడు చేస్తుందా?"

"చేయదక్కా. రబ్బరు చక్రాలు."

"మెట్ల మీద?"

"మెట్ల మీద ఎత్తుకోవాలె గద."

ఎత్తి చూసింది. దించింది. "కొని ఇక్కడే ఉంచుకోవచ్చా అమ్మా? కొన్నాళ్ళు. మా ఇంట్లో చోటు లేదు."

"ఉంచొచ్చు గని కిరాయి పడతదక్కా" అన్నాను హాస్యానికి. ఆమె నవ్వలేదు. సంచి తీసుకుని లేచింది.

భర్తకు తెలియకుండా ఇల్లు విడిచే ఏర్పాట్లలో ఉన్న మనిషి అని అప్పుడే అర్థం కావాల్సింది. నాకు అర్థమైంది మాత్రం, ఈమె మహా గట్టి బేరగత్తె అని. మొదటి మెట్టు. నేను నోరు తెరవబోతుంటే బాపు నా మణికట్టు పట్టుకున్నాడు. నేను వదిలించుకున్నాను.

"అక్కా, జెర ఆగు! మాకు సైటుంది. ఇంట్ల కూసోని సూడు, ఇంకా తగ్గుతది." కార్డు ఇచ్చాను.

రెండో మెట్టు మీద నిలబడి కార్డు అటూ ఇటూ తిప్పింది. "చూస్తే ఎవరికీ తెలియదు కదా?"

"ఎవరికి తెలుస్తదక్కా. నీ ఫోన్, నీ ఇష్టం."

కార్డును కొత్తిమీర కట్ట కిందికి తోసేసి వెళ్ళిపోయింది. బాపు ఆ నీలం పెట్టెను మళ్ళీ వరసలో నిలబెట్టాడు. తర్వాత అన్నాడు, "కూరగాయల సంచి పట్టుకొని సూట్‌కేస్ సూసేటోళ్ళను పిలువద్దు. వాళ్ళకు కుదిరిన్నాడు వాళ్ళే వస్తరు."

మర్నాడు లిస్టులో ఒక కొత్త చిరునామా చేరింది. మగపేరు, పక్కన ఏదో కంపెనీ పేరు. చూసిన వస్తువు నీలం మీడియం. సోమవారం వచ్చినావిడకూ దీనికీ నేను ముడి పెట్టలేదు. రోజుకు పదిమంది నీలం చూస్తారు. కూపన్ వెళ్ళింది. రెండ్రోజులకు ఫోటోతో "ఏడికి పోతున్నవ్ అక్కా?" వెళ్ళింది. గంటలోపే జవాబు వచ్చింది. మా మెయిళ్ళకు జవాబు రావడం అదే మొదలు.

"ఎవరు చూశారు?"

కస్టమర్ మాట్లాడుతున్నాడని నా సంబరం. సైటు నాకు చూపించిందంతా ఆయన ముందు పరిచాను: "మీరే కద అక్కా! మొన్న పదకొండున్నరకు, మీ ఫోన్ నుంచే. నీలం రంగు, చప్పుడు చేయని చక్రాలు. నాలుగుసార్లు చూసిన్రు!" చివర నవ్వు బొమ్మ కూడా పెట్టాను.

ఈసారి జవాబు ఇంకా చిన్నది. "షాపు ఎక్కడ?"

మ్యాప్ పంపించాను.

మర్నాడు పొద్దున మేం లోపల సంచులు సర్దుతున్నాం. తల ఎత్తేసరికి కౌంటర్ ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, తీరుగా దువ్విన తల. బూట్లు కింద విప్పి ఎక్కాడు, గుడికో ఇంటికో వచ్చినట్టు. నలభై ఏళ్ళుగా చెప్పుల చప్పుడుతో మనుషుల్ని పోల్చుకున్న మా బాపు ఉలిక్కిపడటం నేను చూడటం అదే మొదటిసారి.

"మా ఆవిడ ఒక సూట్‌కేస్ చూసిందండి. నీలం. సర్‌ప్రైజ్‌గా కొందామని."

చూపించాను. ఆయన దాన్ని గోడదాకా తోసి, వెనక్కి లాగాడు. చక్రాలు చప్పుడు చేయలేదు. "బాగుంది" అన్నాడు. "ఆవిడ ఇక్కడికే వచ్చి చూసిందా?"

అప్పుడు గుర్తొచ్చాయి నాకు మునక్కాడలు.

"ఒక్కతే వచ్చిందా? ఏ ఊరు వెళ్తున్నానని చెప్పింది?"

"మేము అడగం సార్" అన్నాడు బాపు. "ఏడికి అని అడిగే అలవాటు మా దుకాణంల లేదు."

ఆయన మెల్లగా ఫోన్ తీసి, తెర మా వైపు తిప్పి కౌంటర్ మీద పెట్టాడు. పైన నేను రాసిన అక్షరాలే. ఏడికి పోతున్నవ్ అక్కా?

"మరి ఇది అడిగిందెవరండి?"

బాపు నావైపు చూడలేదు. చూసినా బాగుండేది.

నాకు తెలిసిన విద్య ఒక్కటే కదా, అందులోనే దిగాను. "అయ్యో సార్, అది అందరికీ పోతది. కంప్యూటర్. ఎవరు సూడకపోయినా పోతది. నిన్న మా మేనత్తకు సుత పోయింది, ఆమె మంచం దిగదు పాపం."

"నాలుగుసార్లు చూశానని కూడా రాశారు."

"అందరికీ నాలుగుసార్లనే రాస్తం సార్. గట్ల రాస్తే కొంటరని. యాపారం."

ఆయన నవ్వాడు. "మీరు బాగా మాట్లాడతారు. మా కంపెనీలో దీపావళికి స్టాఫ్ అందరికీ బ్యాగులిస్తాం. యాభై. ఆర్డర్ మీకే ఇస్తాను. ఆవిడ ఏ రోజు వచ్చిందో ఒక్క మాట చెప్పండి. ఇంట్లో అడిగితే ఏడుస్తుంది తప్ప చెప్పదు."

అబద్ధమెందుకు, ఒక్క క్షణం నా మనసులో యాభై సూట్‌కేసులు వరసగా నిలబడ్డాయి. నన్ను పెంచిన గాలి అలాంటిది. తర్వాత "ఏడుస్తుంది" అన్న మాట చెవిలో పడింది.

"ఎవరూ రాలే సార్."

ఆయన బేరం చేయలేదు. చీటీ మీదున్న ధర చూసి, పూర్తిగా ఇచ్చి, సూట్‌కేస్ ఎత్తుకున్నాడు. మా దుకాణంలో బేరం చేయకుండా కొన్న మనిషిని నేనంతవరకు చూడలేదు. రెండో మెట్టు మీద తనంతట తానే ఆగి వెనక్కి తిరిగాడు.

"మెయిల్స్ పంపుతూ ఉండండి. ఆవిడ ఏం చూస్తోందో తెలుస్తుంది."

ఆయన పోయాక ఆ చిరునామాకు వెళ్ళాల్సిన మూడో మెయిల్ ఆపేశాను. తొందరలో రెండుసార్లు తప్పు బటన్ నొక్కాను. పోలీసులకు చెబుదామన్నాను. "ఏమని చెప్తవ్?" అన్నాడు బాపు. నిజమే. ఒకాయన పూర్తి ధర పెట్టి సూట్‌కేస్ కొన్నాడనా? ఆమె పేరు తెలియదు, ఇల్లు తెలియదు. ఆమెదని నా దగ్గరున్న ఒక్క చిరునామా ఆయనది.

"నీకు చిన్నప్పుడు చెప్పకపోతి" అన్నాడు బాపు కాసేపయ్యాక. "పెట్టె కొనేటోళ్ళల్ల కొందరు ఇంట్ల చెప్పి వస్తరు, కొందరు చెప్పకుంట వస్తరు. ఎవరు ఎట్ల వచ్చిన్రో మనకెందుకు? మనకు తెలిస్తే ఇంకొకడొచ్చి అడుగుతడు. అప్పుడు మనం చెప్పాలె, లేకుంటే అబద్ధమాడాలె. అందుకే అడగం."

"శకునం అనుకున్న."

"శకునమే. గిట్లనే పుట్టినయ్ శకునాలన్నీ."

ఆమెకు నా మాట చేరే దారి ఒక్కటే మిగిలింది, ఆ పాపప్. ఆ మధ్యాహ్నమే మార్చాను. "ఈ డబ్బాల ఏం రాయకు అక్కా. ఏమన్న గావాలంటే దుకాణానికే రా." దానికింద మెయిల్ రాసే గడి తీసేశాను. లిస్టు పెరగడం ఆగిపోయింది. ఆయన కూడా చూస్తాడేమోనని భయపడుతూనే ఉన్నాను.

తొమ్మిదో రోజు ఆమె వచ్చింది. మెట్లు ఎక్కలేదు, కింద నిలబడి సంచుల ధర అడుగుతున్నట్టు వేలు చూపించింది. నేనే దిగాను.

"అక్కా, తప్పు నాది. నేనే..."

"ఆ మెయిల్ చిరునామా నేను రాయలేదమ్మా. రెండక్షరాలు నొక్కితే ఫోనే మొత్తం నింపేసింది." సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఆ సూట్‌కేస్ మా మంచం పక్కనే పెట్టారు. రోజూ పొద్దున ఆఫీసుకు వెళ్ళేముందు నాచేత తెరిపించి చూస్తారు. ఖాళీగానే ఉందా అని."

బాపు పైనుంచి దిగి వచ్చాడు. గోడకు వేలాడే సంచుల్లోంచి రెండు తీశాడు. కూరగాయలకు వాడే నైలాన్ సంచులే, పైన జిప్పు ఉన్నవి. రెండూ ఆమె ముందు పట్టుకుని, రోజూ అందర్నీ అడిగేదే అడిగాడు.

"దూరమా బిడ్డా, దగ్గర్నా?"

ఆమె వీధి అటూ ఇటూ చూసింది. "దూరం."

పెద్దది ఉంచి, చిన్నది మళ్ళీ తగిలించాడు.

"ఇది ఇక్కడే ఉంచుతారా?" నన్ను అడిగింది. "కిరాయి ఎంతన్నారు?"

"ఏం లేదక్కా" అన్నాను. జీవితంలో నేను ఓడిపోయిన బేరం అదొక్కటే, మళ్ళీ గెలవాలని కూడా లేదు.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు, మార్కెట్‌కు వచ్చిన రోజున వచ్చేది. బీరకాయల కింద ఒక చీర. ఆకుకూర కింద ప్లాస్టిక్ కవర్లో చుట్టిన సర్టిఫికెట్లు. ఒకసారి మందుల చీటీ. తీసుకుని కౌంటర్ కింద సంచిలో పెట్టేదాన్ని.

సంచి సగం నిండాక ఆయన ఇంకోసారి వచ్చాడు. మళ్ళీ బూట్లు కిందే. సూట్‌కేస్‌కు చిన్న తాళం కావాలన్నాడు. నేను తాళాల డబ్బా తీసి చూపిస్తుంటే, ఆయన మోకాలికి జానెడు దూరంలో, చెక్క వెనక, ఆమె బట్టలున్నాయి. తాళంచెవి రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. "ఈ మధ్య మెయిల్స్ రావడం లేదే?" అన్నాడు.

"సైటు ఖరాబైంది సార్. పరేషాన్ అయితున్నం."

"బాగు చేయించండి" అని, ఒక తాళంచెవి జేబులో, రెండోది పర్సులో వేసుకున్నాడు. రెండూ తన దగ్గరే ఉంచుకున్నాడని, ఆమెకు ఒక్కటీ మిగల్చలేదని ఆయన పోయాక గానీ నాకు తట్టలేదు.

ఒక గురువారం పొద్దున ఆమె ఖాళీ చేతులతో వచ్చింది. బాపు సంచి తీసిచ్చాడు. జిప్పు మీద రెండు తోటకూర కట్టలు కనపడేలా తానే పెట్టాడు, సంచి నిండినప్పటినుంచి రోజూ పొద్దున్నే కొని తెచ్చి ఉంచుతున్నాడని నాకప్పుడే తెలిసింది. ఆమె మెట్లు దిగింది. ఒకటి. రెండు. నా నోట్లో ఊరేదంతా ఒకటే మాట. జాగ్రత్తక్కా, ఏడికి పోతున్నవ్, ఎవరన్న ఉన్నరా అక్కడ? పళ్ళు బిగపట్టాను. మూడు. ఆమె స్టేషన్ వైపు తిరిగిందో, బస్సుల వైపు తిరిగిందో చూడకుండా బాపు ట్రంకుల వైపు మొహం తిప్పుకున్నాడు. నేనూ తిప్పుకున్నాను.

ఆ సాయంత్రానికి పాపప్ పూర్తిగా తీసేశాను. లిస్టంతా చెరిపేశాను, ఏరి ఏరి కూడబెట్టిన అక్కలందర్నీ. ఇప్పుడు సైటుకు ఎవరైనా వచ్చి చూసి పోతే పోతారు. ఎవరూ పిలవరు.

కానీ మర్నాడు పొద్దున ఒక మెయిల్ వచ్చింది. ఆ చిరునామా నుంచే. కొత్తది రాయలేదు, నేను పంపినదానికే జవాబుగా రాశాడు. పైన మా మాట, "ఏడికి పోతున్నవ్ అక్కా?" దానికింద ఆయన మాట.

"ఎక్కడికి వెళ్ళింది?"

జవాబివ్వలేదు. ఇవ్వడానికి నాకు నిజంగా తెలియదు. అది రోజూ వస్తోంది, అదే ఒక్క మాట, పదకొండున్నరకు. చెరిపేస్తున్నాను. బాపుకు చెప్పలేదు గానీ ఆయనకు తెలుసనే అనుకుంటాను. ఎందుకంటే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడినంతసేపు ఇద్దరం నిమ్మళంగా పని చేసుకుంటాం. చప్పుడు లేకపోతేనే, ఒక్కసారిగా ఇద్దరం తలలెత్తి చూస్తాం.